ఇంకొక్క ఉడుకు

శంకరవ్వ నలభై కిలోల బియ్యాన్ని ఒకే పొయ్యి మీద, ఒకే డేగిసలో, అడుగు మాడకుండా, పైన పలుకు మిగలకుండా వండి దించింది 1988 మే నెలలో. కోరుట్లలో బట్టల దుకాణం శ్యాంసుందర్ చెల్లెలి పెళ్లి దావత్ అది. అంతకు ముందు ఆమె ఏడుసార్లు చెడగొట్టింది. ఆ ఏడుసార్లూ సొంత వాడలోనే, సొంత మనుషుల ముందే. ఒకసారి అడుగు బొగ్గయి, పైన బియ్యం బియ్యంగానే ఉండిపోతే, వాడలో అందరికంటే పెద్దదైన చిన్నవ్వ ఒక మెతుకు నోట్లో వేసుకుని, "శంకరీ, నాకు పండ్లు లేవని తెలిసి గూడ గిట్ల వండినవా? దవుడలతోని ఇసురుకొమ్మంటవా?" అంది. విస్తరాకుల ముందు కూర్చున్న వాళ్లంతా నవ్వారు. శంకరవ్వ కూడా నవ్వింది. ఇంటికి పోయి ఏడ్చింది. ఎనిమిదోసారి గెలిచింది.

గెలిచిందంటే ఊరికే గెలవలేదు. ఆమె పుట్టింది చందుర్తిలో. గుంట భూమి లేని ఇల్లు. కోరుట్ల అంచున ఉన్న వాడకు కోడలుగా వచ్చింది. వంట మేస్త్రీ రాజలింగం దగ్గర ఆరేళ్లు అంట్లు తోమింది, నీళ్లు మోసింది, కట్టెలు చీల్చింది. గంటె మాత్రం ఆయన ముట్టనివ్వలేదు. శ్యాంసుందర్ ఇంట్లో ఆ రోజు మరిగే ఎసరు తొణికి రాజలింగం రెండు చేతులూ కాల్చుకున్నాడు. మూడు వందల మంది వచ్చే వేళ. వెనక దొడ్లో అంట్లు తోముతున్న శంకరవ్వ లేచి నిలబడి, "నేను వండుత" అంది.

"నువ్వు వండుతే తినేదెవరు?" అన్నాడు రాజలింగం, చేతులు నీళ్లలో ముంచుకుని.

శ్యాంసుందర్ తల్లి రాజమణి గడప మీద కూర్చుని ఉంది. "ఆకలైనోళ్లు తింటరు. వండనియ్యి" అంది.

వండింది. వడ్డించేటప్పుడు వండిందెవరని ఎవరో అడిగారు, వాడ మనిషని ఎవరో చెప్పారు. ఒక వరుసలో నలుగురు లేచిపోయారు. నాలుగు ఆకులు లేచాయి, మిగతా ఆకులన్నీ నిలిచాయి. ఆ రోజు నుంచి కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల మధ్య శంకరవ్వ వండిన దావత్‌లు లెక్క పెట్టాలంటే ఒక మనిషి సరిపోడు. ఇబ్రహీంపట్నంలో పసుపు రైతుల ఇళ్లలో వండింది. గల్ఫ్ నుంచి వచ్చిన వాళ్లు కొత్త ఇల్లు కట్టుకుంటే వండింది. సిరిసిల్లలో సాంచాలని పిలిచే మరమగ్గాల యజమాని ఇంట్లో ఒకే పూట వెయ్యిన్ని నూరు మందికి వండింది. అయినా లేచిపోయిన ఆ నాలుగు ఆకులు ఆమె కళ్ల ముందు నుంచి పోలేదు. ప్రతి దావత్‌లోనూ మొదటి ముద్ద తినే వాళ్ల ముఖాల వైపే చూసేది. అన్నంలో ఒక్క పలుకు దొరికితే చాలు, వాడోళ్లు వండితే గింతే అంటారని భయం. ఇరవై మూడేళ్లు ఆ భయంతోనే వండింది. ఆ భయమే ఆ తర్వాత ఏం చేయించిందో చెప్పాలంటే ఐలవ్వ గురించి చెప్పాలి.

ఐలవ్వ పక్కింటి కోడలు. శంకరవ్వ కంటే పన్నెండేళ్లు చిన్న. శ్యాంసుందర్ ఇంట్లో ఆ మొదటి డేగిసను పొయ్యి మీద నుంచి దించినప్పుడు కర్రకు రెండో కొస పట్టుకున్నది ఆమే. తర్వాత్తర్వాత డేగిసలు పెద్దవై, దించడానికి మగవాళ్లు వచ్చారు. కానీ ఎప్పుడు దించాలో చెప్పేది మాత్రం ఐలవ్వ. ఆవిరి లేచిన తర్వాత పొయ్యికి ఇటు నిలబడ్డ మనిషికి అటు నిలబడ్డ మనిషి కనబడదు. మంట చప్పుడులో మాట వినబడదు. అందుకని ఐలవ్వ తన ఇనుప గంటెతో డేగిస అంచు మీద కొట్టేది. టంగ్, టంగ్, టంగ్. మూడు దెబ్బలంటే దించు. మరో అర్థం లేదు. మెతుకు కొరికి చూడకుండానే చెప్పేది.

"కొరకకుంట నీకెట్ల తెలుస్తదే ఐలీ?" అని అడిగేది శంకరవ్వ.

"అన్నం చెప్తదక్కా. నీకు చెవులు లేవు, నోరే ఉంది" అనేది ఐలవ్వ.

"నీ మొగనికి గూడ గట్లనే చెప్తవా?"

"వానికి మూడు దెబ్బలు సరిపోతయా?"

ఆ ఇద్దరూ నవ్వుకుంటూ వండారు. ఇరవై మూడేళ్లలో ఐలవ్వ గంటె ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు.

2011 సెప్టెంబర్. ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె సాగుతున్న రోజులు. బడులు లేవు, బస్సులు లేవు, ఆఫీసులకు తాళాలు. రోడ్ల మీదే వండి, రోడ్ల మీదే తినే వంటావార్పు ఊరూరా జరుగుతోంది. చనిపోయిన పెద్దలకు బియ్యమిచ్చే పెత్రమాస అమావాస్యకు మూడు రోజుల ముందు, కోరుట్ల దాటిన తర్వాత జగిత్యాల రోడ్డు మీద మూడు వేల మందికి వండాలని కబురు వచ్చింది. ఎవరు వండాలంటే మాట్లాడకుండా అందరూ ఒకే పేరు చెప్పారు.

శంకరవ్వ ఏడు డేగిసలు పెట్టించింది. తారు రోడ్డు మీద ఇటుకలు పేర్చి, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఒకే వరుస పొయ్యిలు. రెండు పక్కలా నీళ్లు నిలిచిన పొలాలు. సైకిల్ కూడా దూరే సందు లేదు. అడ్డం ఉండడమే కదా ఆ పొయ్యిల పని. డప్పులు మోగుతున్నాయి. పాటలు పాడుతున్నారు. ఏ వాడ వాళ్లు ఏ వాడ వాళ్లో తెలియకుండా జనం రోడ్డు మీద బంతి కట్టి కూర్చున్నారు. ఆ బంతిలో తెల్ల మీసాల ముసలాయన ఒకడున్నాడు. 1988లో లేచిపోయిన నలుగురిలో ఆయన ఒకడు. శంకరవ్వ గుర్తు పట్టింది. ఆమె ఆ రోజు వండింది మూడు వేల మందికి కాదు, ఆ ఒక్క మనిషికి.

బియ్యం ఎసట్లో పోసిన కాసేపటికి ఐలవ్వ వచ్చి, "ఛాతిల పట్టినట్టయితంది అక్కా" అంది.

"పొద్దుగాల ఏం తిన్నవు?"

"ఏం తినలే. చాయ తాగిన."

"గాసు. గంత ఆవిరిల నిలవడ్డవు. గా నీడకు కూసో."

ఐలవ్వ కూర్చోలేదు, మూడో డేగిస పక్కనే ఇటుక మీద ఒరిగింది. ముఖం చెమటలు పట్టింది. ఎడమ చెయ్యి ఒళ్లో పడేసుకుంది. వాడలో ఆటో నడిపే సతీశ్ చూసి పరిగెత్తుకొచ్చాడు. కోరుట్ల వైపు జనం కిక్కిరిసి ఉన్నారు, వెనక్కి తిరిగే దారి లేదు. ముందుకు పోతే జగిత్యాల, సర్కారు దవాఖాన; కానీ పొయ్యిలకు అవతల ఒక్క బండీ లేదు. వంట సామాను మోసుకొచ్చిన తన ఆటోను పొయ్యిల వరుస ముందు ఆపాడు.

"శంకరవ్వా, గీ నడుమ రెండు డేగిసలు దించుతే చాలు. ఆటో పోతది. దించుమను."

కర్రలు పట్టుకుని ఎనిమిది మంది నిలబడ్డారు. "దించాల్నా అక్కా?" అని అడిగారు. ఆమె మాట లేనిదే ఆమె డేగిసను ఎవరూ ముట్టరు. అది ఇరవై మూడేళ్లలో ఆమె సంపాదించుకున్న మర్యాద.

శంకరవ్వ మూడో డేగిసలోంచి మెతుకు తీసి కొరికింది. నడుమ పలుకు ఉంది. ఇప్పుడు దించితే నూరు కిలోల అన్నం సగం ఉడికి పాడవుతుంది. మూడు వేల మంది చూస్తున్నారు. ఆ తెల్ల మీసాల మనిషి చూస్తున్నాడు.

అప్పుడు ఐలవ్వ కుడి చేత్తో గంటె ఎత్తింది. డేగిస అంచు మీద కొట్టింది. టంగ్, టంగ్, టంగ్.

"ఇంక కాలేదే ఐలీ" అంది శంకరవ్వ. "ఇంకొక్క ఉడుకు. ఒక్క ఉడుకు రానియ్యి, దించుత."

ఐలవ్వ మళ్లీ కొట్టింది. ఈసారి మెల్లగా. మూడే.

"తొందరపడకే. పలుకున్నది" అంది శంకరవ్వ.

ఉడుకు వచ్చింది. డేగిసలు దించి, మూతులకు బట్టలు కట్టి, గంజి వార్చి, ఇటుకలు జరిపారు. పన్నెండు నిమిషాలు. ఆటో పోయింది. అన్నం మల్లెపూలలా వచ్చింది. తెల్ల మీసాల మనిషి రెండోసారి వేయించుకుని, "చెయ్యంటే గిదీ చెయ్యి" అన్నాడు. శంకరవ్వ ఇరవై మూడేళ్లుగా ఎదురుచూసిన మాట అది. ఆమె ఆ మాట వింటున్నప్పుడే సతీశ్ దగ్గర నుంచి ఫోన్ వచ్చింది. జగిత్యాల పొలిమేర దాకా పోయారు. దవాఖాన గేటు దాకా పోలేదు.

ఎవరూ ఆమెను ఒక్క మాట అనలేదు. సతీశ్ కూడా అనలేదు. గుండె ఆగింది, ఎవరేం చేస్తారు అన్నారు. పన్నెండు నిమిషాల ముందు పోయి ఉంటే బతికేదా అని డాక్టరును అడిగిన వాళ్లు లేరు, డాక్టరు చెప్పనూ లేదు. ఐలవ్వ బిడ్డ నీల సిరిసిల్ల నుంచి వచ్చేసరికి సాయంత్రమైంది. "ఆఖరికి ఏమన్నది పెద్దమ్మా?" అని శంకరవ్వ చేతులు పట్టుకుని అడిగింది.

"నీ పేరే తలిచింది బిడ్డా" అంది శంకరవ్వ. ఐలవ్వ ఏ మాటా అనలేదు. ఆ అబద్ధం నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో శంకరవ్వకు ఇప్పటికీ ఆశ్చర్యం.

రెండు నెలల తర్వాత జగిత్యాలలో భాగ్యశ్రీ అనే పంతులమ్మ ఇంట్లో దావత్. గృహప్రవేశం, నూటయాభై మంది. ఐలవ్వ స్థానంలో కవిత అనే వాడ కోడలిని వెంట తీసుకుపోయింది శంకరవ్వ. సామాన్లలో ఐలవ్వ గంటె కూడా వచ్చింది. ఎవరు వేశారో తెలియదు. శంకరవ్వ దాన్ని పొయ్యికి అవతల గోడకు ఆనించి, తను ఇవతల నిలబడింది.

బియ్యం ఇంకా గట్టిగా ఉన్నాయి. ఆవిరి అప్పుడప్పుడే లేస్తోంది. అవతల నుంచి చప్పుడు వచ్చింది. టంగ్, టంగ్, టంగ్.

"కవితా, ఎందుకు కొట్టినవు?"

"నేనెక్కడ కొట్టిన అత్తా? నేను గిక్కడ ఉల్లిగడ్డలు కోస్తున్న."

కవిత ఆమె వెనకే ఉంది. పొయ్యికి అవతల ఎవరూ లేరు. గంటె గోడకు ఆనించినట్టే ఉంది. శంకరవ్వ మెతుకు కొరకలేదు. కొరికితే ఏముంటుందో ఆమెకు తెలుసు. రెండు నెలల కిందట కూడా తెలుసు. "దించుండ్రి" అని ఒక్క అరుపు అరిచింది.

"ఇంక ఉడకలేదు గదా అత్తా!"

"దించుమన్ననా లేదా?"

దించారు. గంజి వార్చారు. మెతుకుల్లో పలుకు అలాగే ఉంది. నూటయాభై మందికి సగం ఉడికిన అన్నం.  మళ్లీ పొయ్యి మీద పెట్టడానికి ధైర్యం చాలలేదు. కూరల మీద కప్పడానికి తెచ్చిన సిరిసిల్ల నూలు బట్టను నీళ్లలో ముంచి, పిండి, డేగిస మూతికి కట్టింది. మీద పళ్లెం బోర్లించి, పళ్లెం మీద రాయి పెట్టింది. కింద వరిగడ్డి పరిచి, చుట్టూ గోనె సంచులు కప్పింది. చలికి వణుకుతున్న మనిషిని కప్పినట్టు కప్పింది. తర్వాత దాని పక్కన కూర్చుని, ఏం చేయాలో తెలియక చూస్తూ ఉండిపోయింది.

అరగంట తర్వాత బట్ట విప్పారు. దేని మెతుకు దానిదే. ఒకదానికొకటి అంటలేదు, ఒక్కటీ విరగలేదు. పలుకు లేదు. తన ఆవిరితో తనే ఉడికింది. రెండు గంటలైనా చల్లారలేదు. ఆలస్యంగా వచ్చిన చుట్టాలకు కూడా పొగలు కక్కే అన్నమే వడ్డించారు.

శంకరవ్వ పద్ధతి అని ఇప్పుడు జగిత్యాల నుంచి సిరిసిల్ల దాకా అందరూ అనే పద్ధతి ఇదే. అది పుట్టింది ఇలా. భాగ్యశ్రీ ఆ రోజే పెన్ను, కాగితం తెచ్చుకుని కూర్చుంది.

"అక్కా, నేను ఇంట్ల ఇరవై మందిని పిలుస్తే ఎట్ల వండాలె? జర అల్కటిగ చెప్పు."

"ఇరవై మందికి రెండున్నర కిలోలు. నూరు మందికి పన్నెండు. బియ్యం అరగంట నానవెట్టు. ఎసరు తెర్లినంక ఉప్పెయ్యి, చెంచెడు నూనె పొయ్యి, అర నిమ్మకాయ పిండు. అప్పుడు బియ్యం పొయ్యి. గంటెతోని ఊకె కలపకు, ఇరుగుతయి."

"ఎప్పుడు దించాలె?"

"మెతుకు కొరుకు. నడుమ నువ్వు గింజంత పలుకు ఉండంగనే దించు. గంజి వార్చు. తడి బట్ట కట్టు, పళ్లెం పెట్టు, సంచి కప్పు. అరగంట దాక మూత తియ్యకు, ఎవరు అడిగినా తియ్యకు. గా అరగంట నువ్వు మంచి చీర కట్టుకొని చుట్టాలతోని ముచ్చట పెట్టు. దావత్ ఇచ్చెటామె పొయ్యి కాడ ఉండొద్దు."

"బట్ట ఏదైనా నడుస్తదా?"

"నూలుదే గావాలె. సాంచ మీదికెళ్లి అచ్చిన కొత్త బట్ట అయితే మూడు నీళ్లల్ల పిండు. లేకుంటే అన్నమంత గంజిపెట్టిన అంగి వాసనొస్తది. బగారన్నం అయితే గంజి వార్చకు. మసాల ఏంచి, నీళ్లు కొలిచి పొయ్యి. నీళ్లు ఇగిరిపోకముందే దించి గట్లనే కప్పు."

అన్నీ చెప్పింది. తను మెతుకు కొరకడం మానేసిందని మాత్రం చెప్పలేదు.

ఇంకొకటి కూడా మార్చింది. ఆ తర్వాత శంకరవ్వ పెద్ద డేగిస ముట్టలేదు. ఎంతమందికైనా సరే, పది కిలోల బగోనెల్లోనే వండుతుంది. వెయ్యి మందికైతే పన్నెండు బగోనెలు, పన్నెండు పొయ్యిలు. ఒక్కో బగోనెను ఇద్దరు ఆడవాళ్లు చెవులు పట్టుకుని ఎప్పుడంటే అప్పుడు దించేయవచ్చు. పొయ్యిల మధ్య ఆటో పోయేంత సందు వదులుతుంది. ఎందుకమ్మా ఇంత జాగా అని ఎవరైనా అడిగితే, "ఆవిరి పోవద్దా?" అంటుంది.

పేరు ఇంకా పెరిగింది. ఇబ్రహీంపట్నంలో ఎనిమిది వందల మందికి వండింది. వేములవాడ దగ్గర పెళ్లిలో ఇద్దరు వంట మేస్త్రీలు పని ఆపి ఆమె బగోనెలు చూస్తూ నిలబడ్డారు. రాజలింగం ముసలితనంలో వచ్చి, "నాకు గూడ నేర్పు శంకరవ్వా" అన్నాడు, నేర్పింది. మొన్న జూలైలో రాష్ట్రం ఇస్తామన్న మాట టీవీలో వచ్చిన మర్నాడు కోరుట్లలో ఊరంతా కలిసి దావత్ చేసుకుని, ఆమెకు శాలువా కప్పారు. శాలువా కప్పేటప్పుడు ఆమె పక్కకు తిరిగి, ఇంకెవరైనా వస్తున్నారా అన్నట్టు చూసింది. ఎవరూ రాలేదు.

ఆ రెండేళ్లలో ప్రతి వంటకూ ఐలవ్వ గంటె పొయ్యికి అవతలే ఉంది. ప్రతి వంటకూ మూడు దెబ్బలు వినబడ్డాయి. ఎప్పుడూ పలుకు మీదే. శంకరవ్వ ప్రతిసారీ దించింది. ఒక్కసారి కూడా ఆలస్యం చేయలేదు. ఆవిరి పలచబడి అవతలి వైపు కనబడే సమయానికి తల దించుకునేది. అక్కడ ఎవరైనా ఉంటే, ఆ మనిషికి తన ముఖం చూపించే ధైర్యం లేదు. ఎవరూ లేకపోతే అది ఇంకా కష్టం. తను వండిన అన్నం తను తినడం కూడా మానేసింది. ఏ దావత్‌కు పోయినా రాత్రి ఇంటికి వచ్చి జొన్నరొట్టె చేసుకునేది.

ఈ సెప్టెంబర్ మొదట్లో నీల కోరుట్ల వచ్చింది. చంకలో పాప. అమ్మ పోయిన ఏడాదికి పుట్టిన పిల్ల, పేరు ఐలు.

"ఇరవై తొమ్మిది ఆదివారం ఐలుకు ఏడాది నిండుతది పెద్దమ్మా. రెండు నూర్ల మందిని పిలుస్తున్నం. నువ్వే వండాలె."

"సిరిసిల్లల నా కన్న మంచిగ వండెటోళ్లు లేరా బిడ్డా?"

"ఉన్నరు. మా అవ్వతోని కలిసి వండినోళ్లు లేరు."

శంకరవ్వ పాపను ఎత్తుకుంది. పాప ఆమె ముక్కు పట్టుకుని లాగింది.

"ఏం పెద్దమ్మా, రానంటవా?"

"అస్త" అంది. ఆ ఒక్క మాట అన్న తర్వాత పదిహేను రోజులు ఆమెకు సరిగా నిద్ర లేదు. ఐలవ్వ బిడ్డ ఇంట్లో, ఐలవ్వ పేరు పెట్టుకున్న పిల్ల కోసం వండాలి. వండి, నీల పెట్టిన మర్యాద తీసుకుని, నీల అడిగితే మళ్లీ అదే అబద్ధం చెప్పాలి. లేకపోతే నిజం చెప్పాలి. చెబితే నీల మళ్లీ పెద్దమ్మా అని పిలవదు. ఈ లోకంలో ఆమెను అలా పిలిచేది నీల ఒక్కతే.

సిరిసిల్లలో నీల ఇల్లు నేత వాడలో ఉంది. మొగుడు అజయ్ సాంచాల మీద పని చేస్తాడు, నీల కండెలు చుడుతుంది. ఆదివారం మధ్యాహ్నం ఇంటి ముందు గల్లీలో మూడు బగోనెలు పెట్టారు. పక్క షెడ్లలో సాంచాలు టకటకా ఆడుతున్నాయి. నీల నూలు బట్ట మూడు నీళ్లలో పిండి తెచ్చింది, చెప్పకుండానే. శంకరవ్వ ఐలవ్వ గంటెను అవతల ఇటుక మీద పెట్టింది.

మొదటి బగోనె తెర్లింది. చప్పుడు రాలేదు. ఆవిరి చిక్కబడింది. చప్పుడు రాలేదు.

"గీ సాంచాల మోతల ఏం వినొస్తది" అనుకుంది. చెవి అటు పెట్టి వంగింది. అప్పుడే కరెంటు పోయింది. గల్లీలో సాంచాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. అంత పెద్ద మోత పోయిన తర్వాత మిగిలిన నిశ్శబ్దంలో ఎసరు కుతకుతలాడడం ఒక్కటే వినబడుతోంది. గంటె ఇటుక మీద అలాగే ఉంది. రెండేళ్లలో మొదటిసారి ఆమెకు ఎవరూ దించమని చెప్పలేదు.

"అత్తా, మెత్తగయితది!" అని కవిత అరిచింది. శంకరవ్వ ఉలిక్కిపడి, మెతుకు కొరికి, దించమంది. రెండో బగోనె కూడా అలాగే కొరికి దించింది. మూడో బగోనెలో బియ్యం పోసి, ఆ గంటె వైపు చూస్తూ నిలబడింది. ఇక్కడ నువ్వే చెప్పుకో అన్నట్టుంది ఆ మౌనం.

"నీలా, గిటు రా. కూసో."

నీల పాపను అజయ్‌కి ఇచ్చి వచ్చి కూర్చుంది. శంకరవ్వ చెప్పింది. తిప్పి తిప్పి చెప్పలేదు. ఆటో వచ్చింది, దించమన్నారు, నేను దించలేదు. నీ పేరు తలిచింది అన్నది అబద్ధం, మాట్లాడలేదు, గంటె కొట్టింది.

నీల పొయ్యిలోకి ఒక కట్టె తోసింది.

"ఎన్నిసార్లు కొట్టింది?"

"రెండుసార్లు. మూడు మూడు."

"నీకు వినవడ్డదా?"

"వినవడ్డది."

"వినవడ్డా దించలే."

"దించలే బిడ్డా. అన్నం పాడయితదని."

నీల లేచి, అవతలికి పోయి, ఇటుక మీది గంటె తీసుకుంది. రెండేళ్లుగా శంకరవ్వ తప్ప ఎవరూ ముట్టని గంటె.

"గా ఒక్క ఉడుకు ఎంతసేపో నాకు సూపియ్యి" అంది. "మా అవ్వ ఎప్పుడు కొట్టిందో అప్పుడు చెప్పు."

శంకరవ్వ మెతుకు తీసి కొరికింది. నడుమ పలుకు. "గిప్పుడు" అంది.

నీల బగోనె అంచు మీద కొట్టింది. టంగ్, టంగ్, టంగ్. ఉల్లిగడ్డలు కోస్తున్న కవిత తల తిప్పి చూసింది. ఆ చప్పుడు ఆమెకు కూడా వినబడింది.

 ఆవిరి వాళ్ల మధ్య లేచి నీల కనబడకుండా పోయింది. నీల గొంతు మాత్రం ఒకసారి వినబడింది, "పొలాలు దాటేటోళ్లు" అని. చాలాసేపటికి మళ్లీ, "సగం తొవ్వ" అని.  రోడ్డు మీద ఆ రోజు ఈ సమయమంతా శంకరవ్వ తెల్ల మీసాల మనిషి ముఖమే చూసింది. ఇప్పుడు చూడడానికి ఆవిరి తప్ప ఏమీ లేదు. పన్నెండు నిమిషాలు అంత పొడుగని ఆమెకు ఇప్పుడు తెలిసింది. ఉడుకు వచ్చింది. ఇద్దరూ చెరో చెవి పట్టుకుని దించారు.

"చాన సేపు, పెద్దమ్మా" అంది నీల.

అంతే అంది. తప్పు లేదనలేదు, పోనీలే అనలేదు. చుట్టాలు వచ్చారు. రెండు బగోనెల అన్నం వాళ్లకు సరిపోయింది. మెచ్చుకున్నారు. మూడో బగోనెను నీల ఎవరికీ వడ్డించనివ్వలేదు. అందరూ పోయిన తర్వాత రెండు పళ్లేల్లో ఆ అన్నం పెట్టి, ఒకటి శంకరవ్వ ముందు జరిపింది.

"నువ్వు గా రోజు తిన్నవా?"

"తినలే. గప్పటి సంది నేను వండింది తినలే."

"తిను. నేను గూడ తింట."

తిన్నారు. తింటూ తింటూ శంకరవ్వ చెయ్యి రెండుసార్లు ఆగింది. ఆగిన రెండుసార్లూ నీల తినడం ఆపి ఆమె వైపు చూస్తూ కూర్చుంది. చివరి మెతుకు దాకా తినేంత వరకు లేవనివ్వలేదు.

చెయ్యి కడుక్కుంటున్నప్పుడు నీల అంది, "శుక్రారం పెత్రమాస. అవ్వ పేరు మీద బియ్యం ఇయ్యాలె, అన్నం పెట్టాలె. గప్పటిదాక పోకు. గా రోజు నేను గంటె పడత, నువ్వు పొయ్యి కాడ నిలవడు. నేను కొట్టంగనే దించాలె."

"దించుత" అంది శంకరవ్వ.

కవిత ఒక్కతే కోరుట్ల తిరిగి వచ్చింది. సతీశ్ ఆటో స్టాండ్ దగ్గర అందరూ అడుగుతున్నారు, ఆదివారం జగిత్యాలలో దావత్ ఉంది, శంకరవ్వ ఏది అని. సిరిసిల్ల నుంచి ఆమె పంపిన కబురునే కవిత అందరికీ చెబుతోంది. పెత్రమాస శుక్రవారం. ఆమె వచ్చేది ఆ మర్నాడు, అక్టోబర్ అయిదు, శనివారం, పొద్దటి బస్సుకు.